బయటి బెల్టు వేయిస్తే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది తిరుపతి. ఇంటింటికీ, కొట్లకూ పూలు వేస్తుంటాను. గేర్లు లేని స్కూటర్ కొన్న పద్నాలుగు నెలలకే డ్రైవ్ బెల్టు అరిగింది. కంపెనీది 900 అన్నారు. మెకానిక్ దగ్గర 380కే దొరికితే అది వేయించాను. నెల తిరక్కుండానే పాపకు పుట్టెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్తుంటే ఘాట్‌లో తెగింది. ఎండలో గంటన్నర నిలబడ్డాం. మామగారు అందరి ముందూ 'పిసినారి' అన్నారు. సర్వీస్ సెంటర్‌వాళ్లు బెల్టు బయటిది కాబట్టి వారంటీ లేదని పుల్లీ, క్లచ్, ఆయిల్ సీలుకు 8,600 కట్టించుకున్నారు. బెల్టు మార్చకముందే బండి కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయని రెండు సర్వీసుల్లో చెప్పాను, మామూలే అన్నారు. ఆ జాబ్‌కార్డులు (సర్వీసుకిచ్చినప్పుడు మన ఫిర్యాదులు రాసే కాగితాలు) పారేశాను. తెగిన బెల్టు ముక్క మాత్రం డిక్కీలోనే ఉంది. ఇదంతా జరిగి పదహారు నెలలైంది. మానసిక వేదనకు 5 లక్షలు అడగొచ్చా? కంపెనీ బెల్టే వేసినట్టు పాత తేదీతో బిల్లు ఇస్తానంటున్నాడు మెకానిక్. తీసుకోనా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు పనికొచ్చింది ఒక్క వాక్యమే. అది మీరు ఏదో మాటవరసకు రాసిన ఆయిల్ చుక్కల సంగతి. ఎండ, పుట్టెంట్రుకలు, మామగారి మాట వినియోగదారుల కమిషన్‌లో ఎవరూ అడగరు.

బెల్టు కంపెనీదా, బయటిదా అన్న గొడవలోనే మీరు ఇరుక్కుపోయారు. తేలాల్సింది అది కాదు. ముందు ఏది జరిగింది, ఆయిల్ కారడమా, బెల్టు తెగడమా? తెగిన బెల్టు దారాలు క్రాంక్ షాఫ్టుకు (బెల్టును తిప్పే ఇంజన్ ఇరుసుకు) చుట్టుకుని, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలును కోసేయడం మెకానిక్‌లకు తెలిసిందే. కంపెనీ లాయరు అదే చెబుతాడు: చవక బెల్టు తెగింది, సీలు చిరిగింది, ఆయిల్ ఆ తర్వాతే కారింది అని. మీరు చెప్పాల్సింది ఇంకోలా ఉండాలి. సీలు ముందునుంచే కారుతోంది, ఆ ఆయిల్ బెల్టుకు అంటింది, ఘాట్ ఎక్కేటప్పుడు బెల్టు జారి, వేడెక్కి తెగింది. అలాగైతే అక్కడ 900 బెల్టు ఉన్నా గతి అదే.

దీన్ని నిరూపించేది ఆ రెండు సర్వీసుల జాబ్‌కార్డులు. అవి పారేశానని రాశారు. 380కి బిల్లు లేదు, మార్చిన పుల్లీ, సీలు వెనక్కి అడిగి తెచ్చుకోలేదు. పూలు బాకీ పెట్టిన ప్రతి కొట్టు పేరూ నోటుపుస్తకంలో రాసుకుంటారు కదా, అంత శ్రద్ధ బండి కాగితాల మీద ఏమైంది? అయినా దారి ఉంది. జాబ్‌కార్డులు వాళ్ల కంప్యూటర్‌లో ఉంటాయి. నకళ్లు కావాలని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు. సర్వీసు రోజుల్లో మీ ఫోన్‌కు వచ్చిన మెసేజీలు చెరపకండి. మెకానిక్‌కు ఫోన్‌లో డబ్బు పంపి ఉంటే ఆ లావాదేవీ కూడా మీకు మేలే. బెల్టు మార్చిన తేదీ ఆయిల్ ఫిర్యాదు తర్వాతిదని అదే చెబుతుంది.

ఇక ఆ పాత తేదీ బిల్లు. ముట్టుకోవద్దు. తెగిన ముక్క డిక్కీలోనే ఉందన్నారు. దాని వీపు మీద అచ్చు చూస్తే ఎవరు తయారు చేశారో తెలిసిపోతుంది. బిల్లుకూ బెల్టుకూ పొంతన కుదరని క్షణంలో మీ నిజమైన కాగితాలను కూడా ఎవరూ నమ్మరు. పైగా కమిషన్ ముందు నడిచేది న్యాయవిచారణే. అందులో దొంగ సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. 8,600 కోసం అంత సాహసమా? బయటి బెల్టు వేయించానని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయండి. అది నేరం కాదు.

వారంటీ పుస్తకం ఒకసారి చదవండి. అరిగే సామాన్లకు వారంటీ సాధారణంగా ఉండదు కాబట్టి బెల్టు డబ్బు మర్చిపోండి. బయటి విడిభాగాల వల్ల కలిగిన నష్టానికి బాధ్యత లేదని ఉంటే, ఆ 'వల్ల'ను చూపించాల్సింది వాళ్లు. బయట పని చేయిస్తే వారంటీ మొత్తం రద్దనే షరతును, మార్కెట్లో కంపెనీల పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల కేసులో తప్పుపట్టింది. అది కార్ల సంగతి, అప్పీళ్లకు కూడా వెళ్లింది. వాదనకు తోడు తెచ్చుకోవచ్చు, దాన్నే నమ్ముకోకూడదు.

గడువు గురించి మీరు అడగనే లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం రెండేళ్లు. వారంటీ లేదన్న రోజు నుంచి లెక్కేస్తే మీకు ఎనిమిది నెలలే మిగిలాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, మేనేజర్ చుట్టూ తిరిగినా, మెయిళ్లు పెట్టినా ఆ గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించే వీలు చట్టంలో ఉంది గానీ 'పనుల్లో పడి మర్చిపోయాను' అంటే చెల్లదు.

డీలరుకూ, కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజులు చూసి, తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరి మీదా ఫిర్యాదు వేయండి. మీరు ఉండేది ఇక్కడే కాబట్టి ఇక్కడే వేయవచ్చు. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు లేకపోయినా నడుస్తుంది. పూల పని సొంత జీవనోపాధి అని స్పష్టంగా రాయండి. లేకపోతే బండి వ్యాపారానిది, మీరు వినియోగదారుడే కాదంటారు. 8,600, దానిపై వడ్డీ, ఖర్చులు, వేదనకు ఓ పది వేలు అడగండి. 5 లక్షలు అడిగితే మిగతా ఫిర్యాదు కూడా చులకనైపోతుంది.

బెల్టుకు ఆయిల్ అంటిందో లేదో తేల్చడానికి దాన్ని ల్యాబ్‌కు పంపమని కూడా కోరండి. ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాల్సి రావచ్చు. ఈలోగా ఆ ముక్కను ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి, కవర్లో పెట్టి అంటించండి. జిడ్డుగా ఉందని తుడిచేయకండి.