బర్మాలో నేలకొరిగిన చినతాత జాడ ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: మా చినతాతగారు సైన్యంలోని ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరి 1944లో బర్మాలో మరణించారని ఇంట్లో చెబుతారు. ఒక పతకం, పాత పింఛను కాగితం తప్ప మరేమీ లేవు. వారి సమాధి ఎక్కడుందో తెలుసుకోగలమా?
– ఒక పాఠకురాలు, హలసూరు, బెంగళూరు

జవాబు: ముందుగా పతకం అంచును వెలుతురులో తిప్పి చూడండి, అక్కడ సర్వీసు నంబరు చెక్కి ఉంటే సగం పని అయినట్లే. పింఛను కాగితంలోనూ అది ఉండవచ్చు.

తరువాత, యుద్ధాల్లో మరణించిన సైనికుల సమాధులను, స్మారకాలను చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకండి. మన పేర్లను ఆనాటి గుమస్తాలు తమ చెవికి తోచినట్లు ఇంగ్లీషులో రాశారు కనుక, వెంకయ్య, అప్పలస్వామి వంటి పేర్లను నాలుగైదు స్పెల్లింగులతో, ఇంటిపేరు ఉన్నట్లూ లేనట్లూ ప్రయత్నించాలి. కొన్ని నమోదుల్లో తండ్రి, భార్య పేర్లతోపాటు ఊరు కూడా ఉంటుంది. మనిషిని నిర్ధారించేది అదే. విశాఖపట్నం ‘వైజాగపటం’గా కనిపిస్తే తికమకపడకండి.

సమాధి కోసమే వెతికితే నిరాశ కలగవచ్చు. హిందూ సైనికులను దహనం చేసేవారు కాబట్టి సమాధి ఉండకపోవచ్చు. బర్మాలో మరణించి, సమాధి తెలియని అనేకుల పేర్లు యాంగోన్ (పాత రంగూన్) సమీపంలోని తౌక్యాన్‌లో ఉన్న రంగూన్ స్మారక స్తంభాలపైనే ఉన్నాయి. అక్కడ దాదాపు 27,000 పేర్లున్నాయి.

మీరుండేది హలసూరే కనుక, నంబరు దొరికాక అక్కడే ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్ అంటే ఇదే) రికార్డు విభాగానికి బంధుత్వాన్ని తెలిపే పత్రాల నకళ్లు జతచేసి రాయండి. అసలు కాగితాలను మాత్రం ఎవరికీ పంపవద్దు.