సర్వీస్ ల్యాబ్‌లో ఉద్యోగం అంటే టెక్నీషియన్ పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. తను ప్రాజెక్ట్ చేసిన యూనివర్సిటీ బయోటెక్నాలజీ సెంటర్‌లోనే ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా రమ్మంటున్నారు. పేరుకి రీసెర్చే గానీ అది వేరేవాళ్లు పంపిన శాంపిల్స్ తీసుకుని మెషీన్‌లో పెట్టి రిపోర్ట్ ఇచ్చే సర్వీస్ ల్యాబ్. రక్తపరీక్షలు చేసే చోట టెక్నీషియన్ పనికీ దీనికీ తేడా ఏంటో నాకు అర్థం కావట్లేదు. ప్రాజెక్ట్ టైంలోనే ఏదో గ్రాఫ్‌లో ఒక గీత రావాల్సిన చోట రెండు వస్తున్నాయని రెండు రాత్రులు నిద్రపోలేదు, అంత టెన్షన్ అవసరమా అనిపించింది. మా అన్నయ్యగారి అబ్బాయి డేటా సైన్స్‌లో ఉన్నాడు, మూడు నెలల ఏఐ బయోఇన్ఫర్మాటిక్స్ కోర్స్ చేస్తే ఇంట్లో కూర్చునే సంపాదించొచ్చు అంటున్నాడు. నేనైతే ఇప్పుడే పీహెచ్‌డీకి వెళ్లిపోమంటున్నాను. జాయిన్ అవ్వడానికి పది రోజులే టైం ఉంది. మూడూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: పోలుస్తాను సార్. కానీ ముందు ఒక మాట చెప్పనివ్వండి, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో మీ అన్నయ్యగారి అబ్బాయి ఏమన్నాడో ఉంది, మీకేమనిపించిందో ఉంది, మీ అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఆ సెంటర్‌లో నెలల తరబడి పనిచేసింది తను, అక్కడి మనుషుల్ని చూసింది తను, ఆఫర్ వచ్చింది తనకి. ఈ ప్రశ్న నాకు చాలామంది తల్లిదండ్రులు పంపిస్తారు, మాటలు వేరుగా ఉంటాయి గానీ లోపల ఉండే బాధ ఒకటే, ఇంత చదివించాం, చివరికి ఎవరో పంపిన ట్యూబులు అందుకునే పనా, ఎవరైనా అడిగితే ఏమని చెప్పాలి అని. ఆ బాధ అబద్ధం అనను. కాకపోతే అది మీ బాధ, తన కెరీర్ లెక్కలోకి దాన్ని తీసుకురాకండి.

అసలు ఆ సెంటర్లు ఎందుకున్నాయో చూద్దాం. అణువుల బరువు కొలిచి అవేంటో చెప్పే ఒక మాస్ స్పెక్ట్రోమీటర్, ఒక మంచి కాన్ఫోకల్ మైక్రోస్కోప్, కణాలని రకాల వారీగా విడదీసే ఒక సెల్ సార్టర్, డీఎన్ఏని చదివే ఒక పెద్ద సీక్వెన్సర్, ఇవన్నీ ప్రతి ప్రొఫెసరూ తన ల్యాబ్‌కి కొనుక్కోలేడు, కొన్నా నడిపే మనిషి లేకపోతే మూలన పడుంటాయి. అందుకే యూనివర్సిటీలు వాటిని ఒకచోట పెట్టి, బాగా తెలిసిన వాళ్లని కూర్చోబెట్టి, అన్ని డిపార్ట్‌మెంట్లకీ గంటకింత, శాంపిల్‌కింత అని చార్జ్ తీసుకుని సర్వీస్ ఇస్తాయి, చాలా చోట్ల బయట కంపెనీల శాంపిల్స్ కూడా తీసుకుంటారు. కోర్ ఫెసిలిటీ అంటారు దీన్ని. అంటే ఒక మామూలు ల్యాబ్‌లో స్టూడెంట్ నాలుగైదేళ్లు ఒకే ప్రోటీన్ చుట్టూ తిరుగుతాడు, ఇక్కడ కూర్చున్న వాళ్ల చేతికి ఈరోజు మట్టిలో బ్యాక్టీరియా, రేపు చేప రెక్క ముక్క, ఎల్లుండి క్యాన్సర్ కణాలు వస్తాయి.

రక్తపరీక్ష చేసే టెక్నీషియన్‌తో పోల్చారు కదా. ఆ పనిని తక్కువగా చూడొద్దు, మన డాక్టర్లు మందు రాసేది వాళ్ల రిపోర్ట్ చూసే. తేడా మాత్రం ఉంది. అక్కడ పరీక్ష ముందే ఖాయమై ఉంటుంది, ఎలా చెయ్యాలో, ఎంత వస్తే నార్మలో అన్నీ రాసి ఉంటాయి. కోర్ ఫెసిలిటీకి వచ్చేవాడికి తనకి ఏం కావాలో తనకే సరిగ్గా తెలీదు. ఏ జీన్లు ఎంత పనిచేస్తున్నాయో చూడాలి, ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ చేసిపెట్టండి అంటాడు, ఎన్ని రెప్లికేట్లు, అంటే ఒక్కో రకానికి ఎన్ని విడివిడి శాంపిల్స్ పెట్టావ్ అంటే ఒకటే అంటాడు, ఒక్క శాంపిల్‌తో తేడా ఉందో లేదో ఎలా తేలుస్తావ్ బాబూ అని అడిగి వెనక్కి పంపాల్సింది కౌంటర్ అవతల కూర్చున్న మీ అమ్మాయే. ట్యూబ్ తీసుకోగానే అది ఏ కాంతిని ఎంత పీల్చుకుంటోందో కొలుస్తారు, 260 నానోమీటర్ల దగ్గరి రీడింగ్‌కీ 280 దగ్గరి రీడింగ్‌కీ నిష్పత్తి డీఎన్ఏకైతే 1.8 దగ్గర, ఆర్ఎన్ఏకైతే 2 దగ్గర ఉంటే ప్రోటీన్ పెద్దగా కలవలేదని లెక్క, కానీ అది బాగుండి కూడా 230 దగ్గర రీడింగ్ పాడైతే ఉప్పో ఫినాలో మిగిలిపోయిందని అర్థం, అలాంటిదాన్ని మెషీన్‌లోకి పంపితే శాంపిలూ పోతుంది, వచ్చినవాడి డబ్బూ పోతుంది. ఆర్ఎన్ఏ ముక్కలైపోయిందా నిలబడిందా అని 1 నుంచి 10 వరకు స్కోర్ ఇస్తారు, ఆ నంబర్ ఒక్కటే చూసి ఓకే అనేవాళ్లు వేరు, నంబర్ పక్కనున్న గ్రాఫ్ ఆకారం కూడా చూసేవాళ్లు వేరు.

మాస్ స్పెక్ గదిలోనైతే ఇంకా చిత్రంగా ఉంటుంది. ఎన్నో నెలలు కష్టపడి ఒక ప్రోటీన్ శుద్ధి చేసి తెస్తాడు స్టూడెంట్, రిపోర్ట్‌లో పైన కనిపించేది కెరటిన్. అది మన చర్మంలో, వెంట్రుకల్లో ఉండే ప్రోటీన్. గ్లోవ్ లేకుండా జెల్ ముట్టుకున్నా, మూత తీసి ట్యూబ్ మీదకి వంగి మాట్లాడినా అది శాంపిల్‌లో పడిపోతుంది, ఆ కాస్తనీ పట్టేసేంత సున్నితం ఆ మెషీన్. ఆ లిస్ట్ చూసి ఇది నీ ప్రోటీన్ కాదు, నీ చెయ్యి అని చెప్పగలగాలంటే చూసి చూసి కన్ను పండాలి, అది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఇప్పుడు మీకు టెన్షన్‌గా కనిపించిన ఆ రెండు గీతల సంగతి. నాకు తెలిసినంతలో అది డీఎన్ఏలోని అక్షరాల వరుసని చదివే సాంగర్ సీక్వెన్సింగ్ గ్రాఫ్ అయ్యుండాలి, 1977లో ఫ్రెడరిక్ సాంగర్ బయటపెట్టిన పద్ధతి, దానికే ఆయనకి 1980లో రెండో నోబెల్ వచ్చింది. ఇన్ని కొత్త మెషీన్లు వచ్చాక కూడా చిన్న డీఎన్ఏ ముక్కని ఖాయం చేసుకోవాలంటే ఇప్పటికీ దాని దగ్గరికే వెళ్తారు, ఒక్కో రన్‌లో 700, 800 అక్షరాలు శుభ్రంగా చదువుతుంది. డీఎన్ఏలో ఉండే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలకి నాలుగు రంగులు, ఒక్కో అక్షరానికి ఒక్కో పీక్, అంటే పైకి లేచే గీత. ఒకే చోట రెండు పీక్‌లు వచ్చాయంటే అక్కడ కథ ఉన్నట్టే. మొదటి నుంచి చివరిదాకా అన్నీ డబుల్‌గా ఉంటే రెండు డీఎన్ఏలు కలిసిపోయి ఉండొచ్చు, లేదా చదవడం ఎక్కడ మొదలవ్వాలో చూపించే ప్రైమర్ అనే చిన్న డీఎన్ఏ ముక్క రెండు చోట్ల అతుక్కుని ఉండొచ్చు. మధ్యలో ఒక్క చోటే ఉంటే తల్లి నుంచి వచ్చిన కాపీలో ఒక అక్షరం, తండ్రి నుంచి వచ్చిన కాపీలో ఇంకో అక్షరం ఉందేమో. ఒక చోటు దాకా బాగుండి అక్కడి నుంచి మొత్తం గందరగోళం అయిపోతే ఒక కాపీలో ఒకటో రెండో అక్షరాలు తగ్గడమో పెరగడమో జరిగి ఉంటుంది. మూడూ చూడటానికి తప్పులాగే ఉంటాయి, రెండోదీ మూడోదీ కొత్త విషయమే కావచ్చు. మళ్లీ రన్ చేద్దాంలే అని వదిలెయ్యకుండా అదెందుకు వచ్చిందో తేల్చుకోవాలని నిద్రపోలేదంటే సార్, అది టెన్షన్ కాదు. ఆ గుణం ఉన్న పిల్లలు ఎక్కువమంది దొరకరు, ఆ సెంటర్ వాళ్లు తననే రమ్మన్నారంటే వాళ్లకి అది కనిపించే ఉంటుంది.

కోయిచీ తనాకా అని ఒకాయన ఉన్నారు, జపాన్‌లో షిమాడ్జు అనే పరికరాల కంపెనీలో ఇంజనీర్, చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో డిగ్రీ, పీహెచ్‌డీ కాదు కదా మాస్టర్స్ కూడా లేదు. 1985లో కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిసిపోయింది, పారెయ్యడం ఎందుకని దాన్నే మెషీన్‌లో పెట్టి చూశారు. పెద్ద ప్రోటీన్ అణువులు విరిగిపోకుండా లేజర్‌తో ఆవిరవ్వడం అలా దొరికింది, 2002లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది. మీ అమ్మాయికి నోబెల్ వస్తుందని చెప్పట్లేదు. మెషీన్ పక్కన కూర్చున్నవాళ్ల పని చిన్నపని అనుకోకండి అని చెప్తున్నా.

ఇక ఆ మూడు నెలల కోర్స్. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే ఈమధ్య పది ఉత్తరాలొస్తే అందులో చాలావాటిలో ఇదే ఉంటోంది, పిల్లలు ఫీజు కట్టేశాక నా దగ్గరికి వస్తున్నారు. బయోఇన్ఫర్మాటిక్స్, అంటే బయాలజీ డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించడం, చెడ్డదని ఎవరూ అనరు, అది లేకుండా ఈరోజు బయాలజీ నడవదు. నా అనుమానమంతా మూడు నెలల్లో అయిపోతుందనే మాట మీద. ఆ కోర్సుల్లో ముందే శుభ్రం చేసి పెట్టిన డేటా ఇస్తారు, ఈ కమాండ్ కొట్టు, ఇది రన్ చెయ్యి, ఇదిగో రంగురంగుల బొమ్మ వచ్చింది, సర్టిఫికెట్ తీసుకో. నిజం డేటా అలా రాదు. ఒక చిన్న సంగతి చెప్తా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల శాంపిల్స్ అన్నీ సోమవారం ఒకరు చేశారు, రోగుల శాంపిల్స్ అన్నీ గురువారం ఇంకొకరు వేరే కిట్ డబ్బాతో చేశారు అనుకోండి, కంప్యూటర్ ఆ రెండు గ్రూపుల మధ్య బ్రహ్మాండమైన తేడా చూపిస్తుంది, అది జబ్బు వల్ల వచ్చిందా రోజు మారినందుకు వచ్చిందా అనేది ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. రెండు రకాలూ కలిపి రెండు రోజుల్లోనూ చెయ్యండి అని ముందే చెప్పగలిగిన మనిషి కావాలి. ఆ మనిషి ల్యాబ్‌లోనే తయారవుతాడు.

ఏఐ అన్నారు కాబట్టి ఆల్ఫాఫోల్డ్ సంగతే తీసుకోండి, ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటర్ చెప్పేస్తోందని 2020లో ప్రపంచమంతా మోగిపోయింది, 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దాన్ని చేసిన డెమిస్ హసాబిస్‌కీ జాన్ జంపర్‌కీ వచ్చింది. అది నేర్చుకున్నది ఎక్కడి నుంచి? ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి. 1971లో కేవలం 7 నిర్మాణాలతో మొదలైన ఆ బ్యాంక్‌లో, ఆల్ఫాఫోల్డ్ వచ్చేనాటికి సుమారు 1,70,000 ఉన్నాయి, ఒక్కొక్కటీ ఎవరో ఒకరు క్రిస్టల్ పెంచి, ఎక్స్‌రే కొట్టి, మైక్రోస్కోప్ దగ్గర రాత్రుళ్లు కూర్చుని తేల్చిందే. అంత కష్టం కింద ఉంటేనే పైన ఆ ఏఐ నిలబడింది. మీ అన్నయ్యగారి అబ్బాయి మంచి ఉద్దేశంతోనే చెప్పాడు, కానీ అతనికి డేటా ఫైల్ రూపంలోనే తెలుసు, అది ట్యూబ్‌లో ఎలా ఉంటుందో తెలీదు. మీ అమ్మాయికి తెలుసు. తను స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్, కొంచెం ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవడం మొదలుపెడితే, అదీ ఉద్యోగం చేస్తూ తన ల్యాబ్‌లో వచ్చిన డేటా మీదే నేర్చుకుంటే, రెండేళ్లలో తను ఉండే చోటికి ఆ కోర్స్ ఒక్కటే చేసినవాళ్లు రాలేరు. మరి ఇంట్లో కూర్చుని సంపాదించే వయసా సార్ ఇది, నేర్చుకునే వయసు.

పీహెచ్‌డీ గురించి ఎక్కువ చెప్పను. మంచిదే, రీసెర్చ్‌ని తనే నడిపించాలనుకుంటే తప్పదు కూడా. కానీ ఏ ప్రశ్న మీద ఐదేళ్లు పెట్టాలో తెలియకుండా, నాన్న వెళ్లమన్నాడని వెళ్లినవాళ్లు మూడో ఏడు వచ్చేసరికి ఎలా ఉంటారో నేను చూశాను. కోర్ ఫెసిలిటీలో కూర్చుంటే అన్ని ల్యాబ్‌ల వాళ్లూ వస్తారు, ఏ గైడ్ స్టూడెంట్స్‌ని ఎలా చూసుకుంటాడో, ఏ టాపిక్‌లో ప్రాణం ఉందో బయటివాళ్లకి తెలియనివి తనకి తెలుస్తాయి. ఒకటి రెండేళ్ల తర్వాత వెళ్తే కళ్లు తెరుచుకుని వెళ్తుంది.

అలాగని గుడ్డిగా జాయిన్ అవ్వమనను. ఈ ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్ట్ డబ్బు మీదో సర్వీస్ చార్జీల మీదో నడుస్తాయి, ఏడాదికోసారి పొడిగిస్తూ పోతారు, అది నిజంగా ఇబ్బందే, రాతపూర్వకంగా ఎంతకాలమో అడగాలి. ఇంకో ఇబ్బంది పేపర్లలో పేరు. ప్రయోగం ప్లాన్ చేసింది, డేటాకి అర్థం చెప్పింది ఫెసిలిటీ మనిషైనా చివర్లో ఒక కృతజ్ఞత లైన్‌తో సరిపెట్టేసే ల్యాబ్‌లు ఉన్నాయి, ఆథర్‌షిప్ మీద ఆ సెంటర్ పద్ధతేంటో ముందే తెలుసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఉన్నన్నాళ్లూ ఒకే మెషీన్‌లో ప్లేట్లు పెట్టి తియ్యడమేనా, లేక మెషీన్ కాలిబ్రేషన్, క్వాలిటీ చెక్, యూజర్లకి ట్రైనింగ్, కొత్త ప్రోటోకాల్ సెట్ చెయ్యడం ఇవన్నీ చేతికి ఇస్తారా అని అడగాలి. బటన్ నొక్కడమే పనైతే అప్పుడు మీ భయం కరెక్టే, ఏడాదిలో బయటికి రమ్మనండి. ఈ ప్రశ్నలు డైరెక్టర్‌ని కాదు, అక్కడ రెండు మూడేళ్లుగా పనిచేస్తున్న సీనియర్‌ని పక్కకి పిలిచి అడిగితే నిజం తెలుస్తుంది.

పని చేతికి ఇచ్చే చోటైతే మాత్రం మీరు నిశ్చింతగా ఉండండి. అక్కడి నుంచి పరికరాల కంపెనీల్లో అప్లికేషన్ సైంటిస్ట్‌గా వెళ్తారు, ఫార్మాలో అనలిటికల్ విభాగాలకి వెళ్తారు, యాంటీబాడీ మందులు తయారుచేసే చోట మాస్ స్పెక్ చేయి తిరిగిన వాళ్ల కోసం చూస్తుంటారు, పీహెచ్‌డీకి వెళ్తారు, కొందరు అక్కడే ఎదిగి ఫెసిలిటీ మేనేజర్ అవుతారు. రెండేళ్ల తర్వాత నచ్చకపోయినా ఆ కోర్స్ ఎక్కడికీ పోదు, పీహెచ్‌డీ తలుపులూ మూసుకుపోవు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్ల, ఇప్పుడు తీసుకునే ఒక్క నిర్ణయంతో జీవితం అటో ఇటో అయిపోదు, ఆ భయం మీరు పెట్టుకోకండి, తనకీ పెట్టకండి.

పది రోజుల టైం ఉంది కదా. అందులో ఒక సాయంత్రం ఆఫర్ గురించీ కోర్స్ గురించీ ఏమీ ఎత్తకుండా, ఆ రోజు ఆ రెండు గీతలు చివరికి ఎందుకొచ్చాయమ్మా అని అడగండి. తను చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకుండా వినండి, ఎంతసేపు చెప్తుందో, చెప్తున్నప్పుడు తన మొహం ఎలా ఉంటుందో చూడండి. ఆ తర్వాత ఇంకా అనుమానం ఉంటే నాకు మళ్లీ రాయండి, ఈసారి ఉత్తరం తనతో రాయించండి.