నూనె తలకు కరెంటు అందదు

ప్రశ్న: మేం సైకాలజీ పీజీ విద్యార్థులం. నెత్తి మీద రెండు స్పాంజీలు పెట్టి సన్నటి డైరెక్ట్ కరెంటు ఇచ్చే పద్ధతి (టీడీసీఎస్)తో వర్కింగ్ మెమరీ (అప్పటికప్పుడు మనసులో పట్టుకునే జ్ఞాపకం) మీద ప్రాజెక్టు చేస్తున్నాం. కొందరి దగ్గర ‘రెసిస్టెన్స్ ఎక్కువ’ అంటూ యంత్రం ఆగిపోతోంది. మార్కులూ ఒక తీరుగా లేవు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మొదట తలనూనె చూడండి. ముందురోజు తలస్నానం చేసి, నూనె పెట్టకుండా రమ్మని చెప్పండి. పాయ తీసి స్పాంజిని చర్మానికి ఆనించాలి. తడపడానికి 0.9 శాతం సెలైనే వాడండి. నల్లా నీళ్లతో తడిపినప్పుడు చర్మం కాలిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అట్లని ముంచేయొద్దు. సెలైన్ కారి జుట్టులో పాకితే కరెంటు పక్కదారి పడుతుంది. ఎత్తి పట్టుకుంటే చుక్క రాలకూడదు.

10-20 కొలతలో (తల మీద చోట్లను గుర్తించే పద్ధతి) ఎఫ్3 (తల ముందుభాగంలో ఎడమవైపు చోటు) దగ్గర యానోడ్ (పాజిటివ్ స్పాంజి), కుడి కనుబొమ్మ పైన కాథోడ్ (నెగెటివ్ స్పాంజి). ప్రతి తలనూ టేపుతో కొలవండి, అందాజగా పెట్టొద్దు. 5×7 సెంటీమీటర్ల స్పాంజి, 2 మిల్లీ ఆంపియర్లు, 20 నిమిషాలు మామూలుగా వాడే మోతాదు. 30 సెకన్లలో మెల్లగా ఎక్కించి, అట్లనే దించాలి. పోలిక కోసం పెట్టే ఉత్తుత్తి (షామ్) విడతలో ఎక్కించిన వెంటనే దించేసి, స్పాంజీలను మాత్రం చివరిదాకా ఉంచాలి. స్పాంజి తీశాక చర్మం ఎర్రబడి గుట్టు బయటపడుతుంది కనుక పరీక్ష పెట్టేవారు, స్పాంజి పెట్టేవారు వేరువేరుగా ఉండాలి. మూర్ఛ ఉన్నవారిని, తలలో లోహం ఉన్నవారిని తీసుకోవద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి.

ఇక మార్కులు. ఎన్-బ్యాక్‌లో (వరుసగా వచ్చే అక్షరాల్లో ఇప్పటిది కొన్ని అడుగుల ముందు వచ్చినదేనా అని చెప్పే పరీక్ష; మూడు అడుగులైతే త్రీ-బ్యాక్) సాధనతోనే మార్కులు పెరుగుతాయి. సగం మందికి అసలు విడత, సగం మందికి ఉత్తుత్తిది ముందు పెట్టి, నడుమ వారం వదలండి. తెలుగు అక్షరాలు వాడితే ప, వ, మ కలపొద్దు. తప్పు జ్ఞాపకానిదో చూపుదో తేలదు. దగ్గరి ధ్వనులైన క-గ, ట-డ జంటలనూ మానండి. 2005లో ఫ్రెగ్ని బృందం 1 మిల్లీ ఆంపియర్‌తో త్రీ-బ్యాక్ మెరుగైందని చూపింది గానీ, కూర్చున్నది 15 మందే. తర్వాతి సమీక్షల్లో తేలిన ప్రభావం చిన్నది. మీ గుంపు చిన్నదైతే మార్కులు అటూ ఇటూ ఊగడం సహజం.

ప్రశ్న: నీట్‌కు చదివే మా అబ్బాయి 9 వోల్టుల బ్యాటరీతో ఇంట్లోనే ఇది పెట్టుకుంటానంటున్నాడు.
– ఒక తండ్రి, పెద్దపల్లి

జవాబు: పెట్టుకోనివ్వకండి. ల్యాబు యంత్రం చర్మపు నిరోధం మారినా కరెంటును ఒకే స్థాయిలో నిలుపుతుంది. ఒట్టి బ్యాటరీకి ఆ కట్టడి లేదు. చర్మం తడిసి నిరోధం తగ్గినకొద్దీ కరెంటు పెరిగి కాలుతుంది. ఇప్పటికే పెట్టుకుని ఉంటే నుదురు, జుట్టు పాయల్లో పుండ్లున్నాయేమో చూసి, ఉంటే చర్మ డాక్టరుకు చూపించండి.