బ్రాంట్ ఎవరి పక్షాన నిలిచాడు?

ప్రశ్న: కెనడాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు బ్రాంట్‌ఫర్డ్ పార్కులో ఉత్తర అమెరికా ఆదివాసీ తెగ మోహాక్‌ల యుద్ధనాయకుడు జోసెఫ్ బ్రాంట్ విగ్రహం చూశాను. అమెరికన్లు ఒకప్పుడు ఆయనను రాక్షసుడు అన్నారట. ఆయన బ్రిటిష్‌వారి పక్షాన ఎందుకు పోరాడాడు?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: రాజభక్తి కన్నా భూమి మీద బెంగే ఆయనను అటు నడిపించింది. 1743లో పుట్టిన బ్రాంట్ అసలు పేరు థాయెండనేగియా. మోహాక్‌లకు గోత్రం తల్లి వైపు నుంచి వస్తుంది, వంశపారంపర్య నాయకులను గోత్రపు పెద్దావిడలే ఎంచుతారు. బ్రాంట్‌కు అటువంటి పదవి లేదు. బ్రిటిష్ అధికారి విలియం జాన్సన్‌తో కాపురం చేసిన అక్క మోలీ పలుకుబడి, తన చదువు, ధైర్యం ఆయనను పైకి తెచ్చాయి. వలసదారులు తమ నేలను ఆక్రమించుకుంటున్నారని 1776లో లండన్ వెళ్లి మొరపెట్టుకున్నాడు. అప్పుడే చిత్రకారుడు రామ్నీ గీసిన ఆయన చిత్రంలో కుచ్చుల తెల్లచొక్కా, తలపై ఈకలు, చేతిలో చిన్న గొడ్డలి కనిపిస్తాయి; రెండు లోకాల మధ్య నిలబడిన మనిషిని అంతకన్నా బాగా చూపే బొమ్మ నాకు తెలియదు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777లో ఒరిస్కనీ వద్ద, మోహాక్‌లు కూడా ఉన్న ఆరు ఆదివాసీ తెగల సమాఖ్యే చీలిపోయి, ఒనైడాలు అమెరికన్ల వైపు, మోహాక్‌లు బ్రిటిష్‌వారి వైపు తలపడ్డారు. మరుసటి సంవత్సరం చెర్రీ వ్యాలీలో స్త్రీలు, పిల్లలు హతమైన దాడిలో బ్రాంట్ ఉన్నాడు, కాదనలేం. అయితే ‘రాక్షసుడు’ అన్న ముద్ర బ్రిటిష్ పక్షం చేసిన వయోమింగ్ లోయ దాడి వల్ల పడింది; ఆ రోజు ఆయన అక్కడ లేనే లేడు. 1809లో ఒక స్కాటిష్ కవి ఆ మాటను పద్యంలోకెక్కించగా, బ్రాంట్ మరణానంతరం ఆయన కుమారుడు లండన్‌కు ఆధారాలు తీసుకెళ్లి, ఆ కవి చేతనే తప్పు ఒప్పించాడు.

1781లో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ అమెరికన్లకు లొంగిపోయాడు. (పదేళ్ల తరువాత మన బెంగళూరు కోటను పట్టుకున్నది ఈయనే.) యుద్ధాన్ని ముగించిన 1783 నాటి పారిస్ ఒప్పందంలో మాత్రం తమ కోసం ప్రాణాలొడ్డిన ఆదివాసుల ఊసే బ్రిటిష్‌వారు ఎత్తలేదు. బ్రాంట్ పట్టుబట్టగా, 1784లో కెనడాలోని గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల నేల ఇచ్చారు. అందులో కొంత ఆయనే అమ్మించాడని సొంతవారే నిందించారు. ఆయన 1807లో కన్నుమూశాడు. ఆ నేలలో నేడు ఆరు తెగల చేతిలో మిగిలింది నూటికి ఐదు వంతులైనా లేదు. పోయిన నేలకు, దాని డబ్బుకు లెక్క చెప్పమంటూ వారు 1995లో ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు.