మతం తెలిశాక హాల్ బుకింగ్ రద్దు చేస్తే ఏం చేయాలి?

బెంగళూరులో పార్టీ హాల్‌కు అడ్వాన్స్ కట్టాక, మీరు క్రైస్తవులని తెలిసి బుకింగ్ రద్దు చేశారనీ, దీనికి చట్టం ఉందా అనీ అడిగారు. ఉంది. నాలుగేళ్ల క్రితం మారతహళ్లి దగ్గర మాకూ ఇదే జరిగింది.

చెల్లి నిశ్చితార్థానికి నాన్న పదివేలు కట్టారు. మేనేజర్ డైరీలో ఆయన పేరు పెన్సిల్‌తో రాసుకున్నాడు. రెండ్రోజుల తర్వాత, పాస్టర్ గారి ప్రార్థనకి మైక్ కావాలని చెప్పడానికి వెళ్తే మా ఎదుటే రబ్బరుతో ఆ పేరు చెరిపేశాడు. "మా ఓనర్ ఒప్పుకోరు సార్, ముందే చెప్పాల్సింది" అన్నాడు, తెలుగులోనే. నాన్న ఆ పేజీ మీది రబ్బరు పొట్టునే చూస్తూ నిలబడిపోయారు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు నేను.

రాజ్యాంగం 15(2) అధికరణ ప్రకారం కేవలం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రానివ్వకుండా ఆపకూడదు. ఇది ప్రైవేటు వ్యాపారికీ వర్తిస్తుంది. 'దుకాణం' అంటే సేవలందించే చోటు కూడా అని అంబేడ్కర్ 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో వివరించారు. 2011లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటకు విశాలమైన అర్థమే చెప్పింది.

చిక్కేమిటంటే, 15(2)లో శిక్షా లేదు, పరిహారమూ లేదు. ఇంగ్లండ్‌లో అయితే 2010 సమానత్వ చట్టం కింద ఇలాంటి కస్టమర్ నేరుగా సివిల్ కోర్టుకెళ్లొచ్చు, దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా. ఇక్కడ అంటరానితనం కారణమైతే 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరమే. మతానికి అలాంటిది లేదు.

అందుకే మా లాయరు వినియోగదారుల కమిషన్ దారి చూపించారు. డబ్బు తీసుకుని సేవ ఎగ్గొట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. రసీదే ప్రాణం. 'నాన్‌వెజ్ వద్దు' లాంటి షరతు అందరికీ ఒకేలా పెడితే మాత్రం దాన్ని మత వివక్ష అనలేం.

మేనేజర్‌కు ఈ రాత్రే వాట్సాప్‌లో "బుకింగ్ ఎందుకు రద్దు చేశారు?" అని అడగండి. జవాబు రాకపోయినా మీరు అడిగినట్టు తేదీతో సహా ఉంటుంది. మా దగ్గర అతని నోటిమాట తప్ప ఏమీ లేదు. పైగా లీగల్ నోటీసు వెళ్లాక వాళ్లు అడ్వాన్స్ తెచ్చి ఇస్తే, 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద నాన్న సంతకం పెట్టేశారు. డబ్బు తీసుకోండి, ఆ సంతకం మాత్రం పెట్టకండి.