ఆ పొలం మాట ఎవరెత్తాలి?

విశాఖ మధురవాడ నుంచి ఒక సోదరి రాశారు. ద్వారకానగర్‌లో బ్యాంకు ఉద్యోగం. భర్తకు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు. మామగారు పోయాక, మూడేళ్ల కిందట అత్తగారు విజయనగరం పక్క ఊరి నుంచి వీళ్ల దగ్గరికి వచ్చేశారు. సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పది దాకా ఆవిడకు సీరియళ్లే. అన్నీ కోటీశ్వరుల కుటుంబాలు, ఆస్తి తగాదాలు, కోడళ్ల ఎత్తులు. "ఆ కోడలు కూడా మొదట్లో నీలాగే నవ్వుతూ ఉండేదమ్మా" అంటున్నారట. గాజులు తీసి బియ్యం డబ్బాలో దాస్తున్నారట. "కేబుల్ తీసేయించనా? లేక ఇది జబ్బేమో, డాక్టరుకి చూపించనా?" అని ఈవిడ ప్రశ్న.

అమ్మా, రెండూ వద్దు. కేబుల్ తీసేస్తే ఆవిడ అనుమానం నిజమైపోతుంది. మతిమరుపు గానీ, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం గానీ ఉందని మీరు రాయలేదు. కాబట్టి జబ్బన్న మాట ఆ ఇంట్లో అనకండి.

మూడు పేజీలు సీరియళ్ల గురించి రాసి, చివర్లో ఒక్క ముక్క రాశారు. మామగారు కష్టపడి కొన్న ఎకరంన్నర అమ్మి ఫ్లాటుకి కట్టారు, మిగతాది లోను. ఫ్లాటు మీ ఇద్దరి పేరున ఉంది. నేను అక్కడ ఆగిపోయాను.

మామగారు వీలునామా రాయలేదు. ఆయన తల్లి అంతకుముందే పోయారు. మీ ఆయన ఒక్కగానొక్క బిడ్డ. అప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మామగారి స్వార్జితంలో భార్యకు సగం, కొడుక్కి సగం. అందుకే కదా పొలం అమ్మేటప్పుడు ఆవిడను రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్లి సంతకం పెట్టించారు. ఆ తర్వాత డబ్బు ఏమైందో, ఈ ఇంట్లో తన వాటా ఏమిటో కొడుకు ఒక్కరోజైనా అమ్మ పక్కన కూర్చుని చెప్పాడా? ఇంటికొచ్చి ఫోను పట్టుకుని "ఆడవాళ్ల గొడవ, మీరూ మీరూ చూసుకోండి" అంటారని రాశారు. మీకది మామూలు మాటైపోయింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. సంతకం కావాల్సిన రోజున అది ఆడవాళ్ల వ్యవహారం ఎందుకు కాలేదు?

ఆవిడ ఆ సీరియళ్లలో ఏం చూస్తున్నారో ఆలోచించారా? కథలకు డబ్బున్న ఇళ్లే కావాలి, ఎందుకంటే అక్కడ ఎవరికీ గ్యాస్ బుక్ చేసే పని ఉండదు, షిఫ్టు బస్సు అందుకునే పని ఉండదు. పొద్దస్తమానం ఇంట్లోనే ఉండి పోట్లాడుకోవచ్చు. అమెరికాలో 1978 నుంచి 1991 దాకా వచ్చిన ‘డాలస్’ కూడా ఇంతే. టెక్సాస్ చమురు కుటుంబం, పెళ్లిళ్లయిన కొడుకులు, కోడళ్లు తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటారు. ఆ ఇల్లూ నేలా తల్లి మిస్ ఎల్లీ పుట్టింటి నుంచి వచ్చినవి. మన దేశంలో 2000లో మొదలైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో విరానీల ఇంటికి బా అనే పెద్దావిడ పెద్దదిక్కు. ఆ ఇళ్లలో ఎన్ని కుట్రలు జరిగినా పెద్దావిడకు ఒక కుర్చీ ఉంటుంది, ఆవిడ మాటకు ఒక విలువ ఉంటుంది. మీ అత్తగారు రోజూ మూడున్నర గంటలు ఆ కుర్చీనే చూస్తున్నారని నాకనిపిస్తోంది. కూర ఏం వండాలన్నది తప్ప మీ ఇంట్లో ఆవిడను ఇంకేదైనా అడిగి ఎన్నాళ్లయింది?

మీ తప్పు కూడా ఉంది. లోను కాగితాలు చదవడం తెలిసిన మనిషి మీరు. ఫ్లాటుకి ముందు కట్టిన డబ్బు ఎవరి పొలంలోంచి వచ్చిందో తెలిసీ ఊరుకున్నారు. అయినా ఈ మాట మీరు ఎత్తకండి. కోడలు ఎత్తితే ఆవిడ ఇంకా భయపడతారు. కొడుకే ఎత్తాలి.

వీక్లీ ఆఫ్ రోజున తల్లీకొడుకుల్ని ఇద్దరినే బయటికి పంపండి. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్లమనండి. అక్కడ అమ్మవారికి ఎవరి చేత్తో వాళ్లే పూజ చేసుకోవచ్చు, ఆవిడకు తృప్తిగా ఉంటుంది. వచ్చేటప్పుడు బీచ్‌రోడ్డులో కూర్చుని, పొలం ఎంతకు అమ్మారో, ఇంటికి ఎంత పెట్టారో, ఇంకా ఎంత అప్పుందో రూపాయితో సహా చెప్పమనండి. "మరి నా పేరెందుకు లేదురా?" అని ఆవిడ అడుగుతారు. ఆయన దగ్గర జవాబు ఉండదు. లేకపోయినా అక్కడే కూర్చోవాలి, ఫోను తీయకూడదు.

లోను ఉండగా ఆవిడ పేరు చేర్చాలంటే బ్యాంకు ఒప్పుకోవాలని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ప్రయత్నం మొదలుపెట్టండి. అది తేలేలోపు ఆవిడ వాటా లెక్కకట్టి, నెలనెలా కొంత ఆవిడ ఖాతాలో వేయండి. పాస్‌బుక్ ఆవిడ చేతికే ఇవ్వండి. బియ్యం డబ్బాలో దాచుకుంటే దాచుకోనివ్వండి.