స్పెయిన్‌లో ఒక మనిషి, విమానాశ్రయంలో మరో మనిషి

ప్రశ్న: మాకు పెళ్లయి పదకొండేళ్లు. మాంచెస్టర్ దగ్గర ఉంటున్నాం. నాది అనకాపల్లి పక్కన పల్లెటూరు, మావారిది కాకినాడ. ఇద్దరు పిల్లలు, మా ఇద్దరికీ ఉద్యోగాలు. ఇంట్లో మా మధ్య మాటలంటే స్కూలు, బిల్లులు, సరుకులు. ఈ జూన్‌లో అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉండటంతో పిల్లల్ని ఆవిడకి అప్పగించి, మొదటిసారి మేమిద్దరమే వారం రోజులు దక్షిణ స్పెయిన్‌లోని నెర్హాకి వెళ్లాం. ఆ వారం నేను మరిచిపోలేను. మావారు నవ్వారు, నాతో కలిసి నడిచారు, కబుర్లు చెప్పారు. ఒక రాత్రి హోటల్లో వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసి తెచ్చారు. ఆ వాసనకి మా ఊళ్లో బెల్లం వండే రోజులు గుర్తొచ్చి చెబుతూ ఉంటే, ఆయన ఫోను ముట్టుకోకుండా గంటసేపు విన్నారు. పెళ్లయిన కొత్తలో ఉన్న మనిషి తిరిగి వచ్చాడనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో అంతా తలకిందులైంది. మాలగా విమానాశ్రయంలో పాస్‌పోర్టు తనిఖీ దాటి లోపల కూర్చున్నాక, రాత్రి పదిన్నరకి మా విమానం రద్దయిందన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఇంకొకటి ఇస్తామని అందరినీ మళ్లీ బయటికి పంపారు. ఆయన కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డారు. నేను సామానుతో బెంచీ మీద కూర్చుని, పొద్దున్నే లేచి చూస్తుందని విజయవాడలో ఉన్న అక్కకి ఫొటోలు పంపుతున్నాను. ఆయనకి వీసా టెన్షను కూడా ఉన్నట్టుంది, నాది బ్రిటిష్ పాస్‌పోర్టు, ఆయనది భారత పాస్‌పోర్టు. గంట తర్వాత వచ్చి, 'అంతా నీ సరదా కోసమే కదా' అని నలుగురిలో అరిచారు. హోటలు ఇస్తామన్నా రానన్నారు. తెల్లవార్లూ కుర్చీల్లోనే కూర్చున్నాం. ఇల్లు చేరి మూడు వారాలైంది, అవసరమైతే తప్ప మాట లేదు. 'అక్కడి నుంచి ఏం తెచ్చారో గానీ, మాటలు మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు' అని అత్తగారు కూడా అనేశారు. నెర్హాలో చూసిన మనిషి నిజమా, విమానాశ్రయంలో చూసిన మనిషి నిజమా? వారమంతా నటించారా?

జవాబు: ఇద్దరూ ఆయనేనమ్మా. పదకొండేళ్లు కాపురం చేసిన భార్య ముందు ఎవరూ వారం రోజులు నటించలేరు, రెండో రోజుకే దొరికిపోతారు. నిజమైన మనిషి ఎవరో తేల్చుకోవాలని కూర్చుంటే, ఆ రాత్రి ఏం జరిగిందో అడగటం మిగిలిపోతుంది. అసలు అడగవలసింది అదే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వంకాయ ముక్కల గురించి రెండు వాక్యాలు రాశారు. వీసా గురించి మాత్రం 'టెన్షను కూడా ఉన్నట్టుంది' అని ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న మీరు 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండానే స్పెయిన్‌లో తిరగవచ్చు. ఆయన సంగతి వేరు. అపాయింట్‌మెంటు కోసం పడిగాపులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు నుంచి సెలవు ఉత్తరం, హోటలు బుకింగులు, కనీసం 30,000 యూరోలకు ప్రయాణ బీమా, ఆ పైన 90 యూరోల రుసుము. ఇంతా చేస్తే షెంగెన్ వీసా (స్పెయిన్‌తో సహా ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) మీద తేదీలతో పాటు ఎన్ని రోజులు ఉండవచ్చో కూడా అచ్చు వేసి ఇస్తారు. వారం రోజుల ప్రయాణానికి అడిగితే లెక్క సరిగ్గా సరిపోయేలా ఇవ్వటం మామూలే. మీవారికి ఎన్ని రోజులు ఇచ్చారో మీరు రాయలేదు. మీకు తెలియదేమోనని నా అనుమానం.

లెక్క ఆ రోజుతో సరి అనుకోండి. దేశం దాటేశాననుకున్న మనిషిని రాత్రి పదిన్నరకి మళ్లీ ఆ దేశంలోకే పంపారు. గంటన్నరలో తేదీ మారుతుంది. ఎదురుగా వంద మంది వరస. మీకు అది ఒక రాత్రి నిద్ర చెడిపోవటం. ఆయన తలలో తిరిగినది మాత్రం వేరే అయి ఉండవచ్చు: రేపు పాస్‌పోర్టు అధికారి ఆపుతాడు, గడువు మించాడని రాస్తాడు, ఇక ముందు ఏ వీసాకి వెళ్లినా ఆ మాట అడుగుతారు. నిజానికి విమానం రద్దు కావటం లాంటి తప్పనిసరి కారణం ఉన్నప్పుడు గడువు పొడిగించే వెసులుబాటు షెంగెన్ నియమాల్లోనే ఉంది, దానికి రుసుము కూడా లేదు. రద్దయిందని విమాన సంస్థ దగ్గర ఒక కాగితం తీసుకుని, అక్కడి పోలీసులతో మాట్లాడితే సరిపోయేది. ఆ వేళప్పుడు అది ఆయనకి చెప్పేవాళ్లెవరు?

హోటలుకి రానన్నది మొండితనమని మీరు అనుకున్నారు. కావచ్చు. విమానాశ్రయం దాటి ఊళ్లోకి అడుగు పెడితే తప్పు ఇంకా పెద్దదవుతుందని భయపడి ఉండవచ్చు కూడా. ఇదంతా నా ఊహే. కానీ మూడు వారాలుగా ఆ ఇంట్లో ఈ ఊహ చేసినవాళ్లు గానీ, ఆయన్ని అడిగినవాళ్లు గానీ లేరు.

ఆయన మాత్రం నోరు విప్పి చెప్పవచ్చు కదా అంటారు. చెప్పాలి. మన ఇళ్లలో మగపిల్లలు 'నాకు భయంగా ఉంది' అనటం నేర్చుకోకుండానే మీసాలు తెచ్చుకుంటారు. ఆ భయం చివరికి కోపమై బయటపడుతుంది, అదీ దగ్గర ఉన్నవాళ్ల మీద. ఇది కారణం చెప్పటమే, తప్పు మాఫీ చేయటం కాదు. 'మగవాడు, కోపంలో ఏదో అంటాడు, సర్దుకుపో' అనే సలహా మీకు ఈపాటికి ఎవరో ఇచ్చే ఉంటారు. నేను ఇవ్వను.

ఎందుకంటే 'అంతా నీ సరదా కోసమే' అన్న ఆయన మాట అబద్ధం. సరదా మీ ఒక్కరిది కాదు. గంటసేపు బెల్లం కబుర్లు విన్న మనిషికి కూడా అది సరదానే. తాను పడిన సంతోషాన్ని కూడా మీ పద్దులో అప్పుగా రాసి, నలుగురిలో మీ ముందు పెట్టారు. మూడు వారాలైనా ఆ మాట గుచ్చుకుంటూ ఉందంటే అది మీ అతి సున్నితం కాదు. ఆయన ఆ మాటను వెనక్కి తీసుకోవాలి. పాపం టెన్షనులో ఉన్నారు కదా అని మీరే కడుపులో పెట్టుకుంటే, వచ్చే ప్రయాణంలో సూట్‌కేసుతో పాటు అదీ వస్తుంది.

ఇప్పుడు బెంచీ సంగతి. దాచకుండా మీరే రాశారు కాబట్టి అడుగుతున్నాను. గంటసేపు ఆయన వరసలో ఉన్నారు, మీరు ఫొటోలు పంపుతున్నారు. పోయి, 'కాసేపు మీరు కూర్చోండి, నేను నిలబడతాను' అని ఎందుకు అనలేదు? నేరమేమీ కాదు. మీరింకా సెలవులోనే ఉన్నారు, ఆయన మాత్రం అప్పటికే కాగితాలు, గడువులు, సంజాయిషీల లోకంలోకి వెళ్లిపోయారు. మీ కాపురంలో కాగితాల పని ఆయనదని ఎప్పుడో ఒప్పందం కుదిరిపోయి ఉంటుంది, చాలా ఇళ్లలో అంతే. వరసలో నుంచి తల తిప్పి చూసినప్పుడల్లా ఆయనకి కనిపించింది ఫోనులో నెర్హా సముద్రం చూసి నవ్వుకుంటున్న భార్య. 'నీ సరదా' అన్న మాట పుట్టింది అక్కడేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆ వారం అంత బాగా ఎందుకు గడిచిందో కూడా చూద్దాం. గొప్పంతా సముద్రానిది కాదు. స్పెయిన్ గడియారం 1940 నుంచి సూర్యుడి కంటే ముందే నడుస్తోంది. జూన్‌లో అక్కడ తొమ్మిదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు. మధ్యాహ్నం రెండింటికో మూడింటికో భోజనం, నాలుగు దాటితే చాలా చోట్ల వంటగది మూసేస్తారు, మళ్లీ రాత్రి ఎనిమిదికి గానీ తెరవరు. మధ్యలో నాలుగు గంటలు చేయటానికి ఏ పనీ ఉండదు. తిన్నాక ఎంతసేపు కూర్చున్నా, మీరు అడిగితే తప్ప బిల్లు తెచ్చి పెట్టరు. ఇంతకీ మీరు తిన్న ఆ పాకం పరాయిది కాదు. నెర్హా పక్కనే కొండ మీద ఉన్న ఫ్రిహిలియానా అనే ఊళ్లో ఇప్పటికీ చెరకు పాకం తీసే ఫ్యాక్టరీ ఉంది. అరబ్బులు ఆ తీరానికి చెరకు తెచ్చి వెయ్యేళ్లు దాటింది. అనకాపల్లి అమ్మాయికి అక్కడ బెల్లం వాసన రావటంలో వింతేమీ లేదు.

వారం రోజులు మీరిద్దరూ ఒకే వేళకి, ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. వండింది ఎవరో, గిన్నెలు ఎవరు తోమాలో అన్న ప్రస్తావన లేదు. ఇంట్లో అలా తిని ఎన్నాళ్లయింది? ఏడింటికి పిల్లలతో ఒకరు, వంటిల్లు సర్దుకుని తొమ్మిదింటికి ఒకరు తినే ఇళ్లే నాకు తెలిసినవి ఎక్కువ. ఇంకో మాట. ఆ వారం మీకు పని లేకపోవటానికి కారణం మీ పని మొత్తం అత్తగారు చేయటం. పరాయి దేశంలో, కొత్త పొయ్యి మీద, ఇద్దరు మనవలతో. 'మాటలు అక్కడే వదిలేసి వచ్చారు' అనే హక్కు ఆవిడకి బాగానే ఉంది. ఆవిడకి ఏం తెచ్చారో మీరు రాయలేదు.

కనుక పోర్చుగల్‌కో గ్రీసుకో ఇంకో టికెట్టు కొంటే పాత మనిషి మళ్లీ దొరుకుతాడని అనుకోవద్దు. ప్రయాణాలతో కాపురాలు బాగుపడేట్టయితే ఈపాటికి నా ఉద్యోగం ట్రావెల్ ఏజెంట్లు లాగేసుకునేవారు.

ముందు మాట్లాడండి. రాత్రి పిల్లలు పడుకున్నాక, ఇద్దరూ అలసిపోయి ఉన్నప్పుడు వద్దు. శనివారం పొద్దున పిల్లల్ని నాన్నమ్మ దగ్గర ఉంచి ఇద్దరూ బయటికి నడవండి. పక్కపక్కన నడుస్తుంటే ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు, మగవాళ్లకి మాట తేలిగ్గా వస్తుంది. ఫిర్యాదుతో మొదలు పెట్టకండి. 'ఆ రాత్రి కౌంటరు దగ్గర మీరు దేని గురించి భయపడ్డారు?' అని అడగండి. 'భయమా, నాకేం భయం' అంటారు, మొదట అందరూ అంటారు. 'వీసాలో రోజులు అయిపోయాయా?' అని రెండో ప్రశ్న వేసి ఊరుకోండి. ఆయన చెప్పేది పూర్తయ్యే దాకా అడ్డు రాకండి. బెంచీ మీద నుంచి లేచి రాలేదని మీకే అనిపిస్తే, ఆ మాట మీరే ముందు అనండి.

ఆ తర్వాత మీ వంతు. 'నీ సరదా కోసమే అన్న మాట నాకు ఇంకా నొప్పిగానే ఉంది. అది మీరు వెనక్కి తీసుకోవాలి.' అంతే, ఇక్కడ ఆగిపోండి. పదకొండేళ్ల పాత లెక్కలు ఆ వెనకే బారులు తీరి వస్తాయి, రానివ్వకండి. ఆయన ఇంటికి వచ్చి టీ పెట్టి ఇచ్చి, దాన్నే క్షమాపణ అనుకోమన్నట్టు చూడవచ్చు. టీ తాగండి, కానీ ఒప్పుకోకండి. నొప్పి పెట్టింది మాట కాబట్టి, ఈసారి మాటే కావాలని చెప్పండి.

ఒకవేళ ఈ సంభాషణ మళ్లీ అరుపుల్లోకి వెళితే, లేదా ఆయన కోపం చూస్తే మీకు భయం వేస్తుందంటే, ఆ సంగతి నాకు విడిగా రాయండి. అప్పుడు నా జవాబు ఇలా ఉండదు. మీ ఉత్తరంలో అలాంటి ఛాయ నాకు కనిపించలేదు.

మిగతావి చిన్నవి. వారంలో రెండు రాత్రులైనా నలుగురూ కాకుండా మీరిద్దరే కలిసి తినండి, తిన్నాక అరగంట పళ్లేలు తీయకండి. అత్తగారు సింకు వైపు చూస్తారు, చూడనివ్వండి.

చివరిగా ఆ విమాన సంస్థ. స్పెయిన్ నుంచి బయలుదేరే విమానం రద్దయితే ఐరోపా నియమాలు మీకు వర్తిస్తాయి. ఏ కారణంతో రద్దయినా తిండి, రాత్రి బస వాళ్లే చూడాలి. తప్పు సంస్థదే అయితే మాలగా నుంచి మాంచెస్టర్ దూరానికి మనిషికి 400 యూరోల పరిహారం అడగవచ్చు. వాతావరణం వల్లో, విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల సమ్మె వల్లో అయితే ఆ పరిహారం రాదు, మీ విమానం ఎందుకు ఆగిందో ముందు కనుక్కోండి. ఈ మూడు వారాల్లో దరఖాస్తు పెట్టకపోయి ఉంటే, దాని బరువు కూడా ఆయన తల మీదే ఉండి ఉంటుంది. దాన్ని మీరు తీసుకోండి. నియమాలు చదవటం, ఉత్తరం రాయటం, బదులు రాకపోతే మళ్లీ రాయటం అన్నీ మీరే చేయండి. ఆయన్ని అడగవలసింది బుకింగు నంబరు ఒక్కటే.